లోకం నుండి గోళానికి: తెలుగు సాహిత్యంలో అంతరిక్షయాన భావన - తొలి దశలు

వ్యాససంగ్రహం:

మానవుడు భూమిని విడిచి వెళ్లడం సాధ్యం కాకముందే ఆ ప్రయాణాన్ని ఊహించిన రచనలు అనేక భాషల్లో వెలువడ్డాయి. తెలుగులో ఈ ఊహకు మూలాలు ప్రాచీన కావ్యాల్లోనే ఉన్నాయని ఒక వాదం, విజ్ఞాన కల్పన పూర్తిగా పాశ్చాత్య ప్రభావంతో వచ్చినదేనని మరొక వాదం ప్రచారంలో ఉన్నాయి. నన్నయ ఆదిపర్వంలోని గరుడగమనాన్ని, అల్లసాని పెద్దన మనుచరిత్రలోని పాదలేపాన్ని, సిద్ధాంత జ్యోతిషంలోని చంద్రకక్ష్యా గణితాన్ని, కందుకూరి వీరేశలింగం రచనలను పక్కపక్కన ఉంచి పరిశీలించినప్పుడు ఈ రెండు వాదాలూ అసంపూర్ణాలని తేలుతుంది. ఆకాశగమన కథ, ఆకాశదూర గణితం రెండూ తెలుగునేలలో చిరకాలం కలిసి జీవించినా ఒకదానితో ఒకటి కలవలేదన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: విజ్ఞాన కల్పన, అంతరిక్షయానం, గరుడోపాఖ్యానం, పాదలేపం, సూర్యసిద్ధాంతం, సత్యరాజా పూర్వదేశయాత్రలు.

1. ఉపోద్ఘాతం:

కోనసీమలో మామిడికుదురు మండలానికి చెందిన అప్పనపల్లి గ్రామం బాలబాలాజీ క్షేత్రంగా ప్రసిద్ధం. ఈ ఊరిని ఒరుసుకొని పారే గోదావరి పాయ పేరు వైనతేయ. వసిష్ఠ గోదావరి నుండి చీలి బంగాళాఖాతంలో కలిసే ఈ పాయకు వినతాసుతుడైన గరుత్మంతుని పేరు వచ్చింది. స్వర్గానికి ఎగిరి అమృతభాండాన్ని తెచ్చిన పక్షి పేరును ఒక నది మోస్తున్నది. ఆ నది ఒడ్డునే గరుడవాహనుడైన వేంకటేశ్వరుని ఆలయం వెలిసింది. ఆకాశగమనం తెలుగువారికి పుస్తకాల్లో మాత్రమే ఉన్న ఊహ కాదని, ఊళ్ల పేర్లలో, నదుల పేర్లలో, నిత్యపూజలో నిలిచిన భావన అని చెప్పడానికి అప్పనపల్లి ఒక నిదర్శనం.

అయితే ఆకాశగమనం వేరు, అంతరిక్షయానం వేరు. మొదటిది ఒక లోకం నుండి మరొక లోకానికి చేరడం. రెండవది ఒక గోళం నుండి మరొక గోళానికి కొలవదగిన దూరాన్ని దాటడం. చంద్రలోకం పుణ్యఫలంగా పొందే స్థానం. చంద్రగోళం దూరం, పరిమాణం, గతి ఉన్న వస్తువు. తెలుగులో వ్యవహారంలో ఉన్న 'చంద్రమండలం' అనే మాట ఈ రెంటికీ మధ్య నిలుస్తుంది. ఈ పదాల వెనుక ఉన్న భావభేదాన్ని పట్టించుకోకుండా తెలుగు విజ్ఞాన కల్పన చరిత్రను రచించడం కష్టం. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఆకాశానికి చేరడానికి ముందు తెలుగు ఊహ లోకం నుండి గోళం వైపు ఎంతవరకు నడిచిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. గరుడగమనం - ప్రయాణపు లెక్క:

11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, రాజమహేంద్రవరంలో, నన్నయ భారతాంధ్రీకరణకు ఉపక్రమించాడు. ఆదిపర్వంలోని గరుడోపాఖ్యానాన్ని సాధారణంగా మాతృభక్తి కథగా, దాస్యవిముక్తి కథగా బోధిస్తారు. ప్రయాణకథగా చదివితే అందులో మరొక అంశం కనిపిస్తుంది. గరుడుడు బయలుదేరే ముందు తల్లిని ఆహారం అడుగుతాడు. ఆమె చూపిన నిషాదులతో ఆకలి తీరక తండ్రి కశ్యపుని వద్దకు వెళ్తాడు. ఆయన చూపిన గజకచ్ఛపాలను గోళ్లతో పట్టుకొని ఎగురుతాడు. వాటిని దించి తినడానికి చోటు వెదికితే వాలిన కొమ్మ బరువుకు విరుగుతుంది. ఆ కొమ్మకు వాలఖిల్యులు వేలాడుతున్నారు కనుక దానిని విడువలేడు. జనసంచారం లేని పర్వతం మీద దానిని వదలవలసిందిగా తండ్రి సూచిస్తాడు. ఆ తరువాతనే స్వర్గం, దేవతలతో యుద్ధం, అమృతాన్ని కాపాడే చక్రం. గిరగిర తిరిగే ఆ చక్రపు ఆకుల సందులోంచి శరీరాన్ని కుదించుకొని దూరవలసి వస్తుంది.

ఆహారం, మోయవలసిన బరువు, దిగడానికి అనువైన చోటు, ఇరుకైన ప్రవేశద్వారం - ఈ నాలుగూ దూరప్రయాణానికి సంబంధించిన సమస్యలు. గరుడోపాఖ్యానంలో అద్భుతం ఉన్నా అది ఇబ్బంది లేని అద్భుతం కాదు. కానీ గరుడుని శక్తి అతని పుట్టుకలోనే ఉన్నది. వాలఖిల్యుల తపఃఫలంగా అతడు పుట్టాడు. ఆ శక్తిని మరొకరికి ఇవ్వడం, నేర్పడం, తిరిగి తయారుచేయడం కుదరదు. ప్రయాణంలో సమస్యలు ఉన్నాయి, సాధనం మాత్రం లేదు.

3. పాదలేపం - సాధనం, దాని వైఫల్యం:

16వ శతాబ్దిలో అల్లసాని పెద్దన మనుచరిత్రకు వచ్చేసరికి స్థితి మారుతుంది. మార్కండేయపురాణ కథను పెద్దన ప్రబంధంగా విస్తరించాడు. అరుణాస్పదపుర వాసియైన ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి, గృహస్థు. తీర్థాలు చూడాలని కోరిక ఉన్నా ఇల్లు విడిచి ఎక్కువ కాలం ఉండలేడు. అతిథిగా వచ్చిన సిద్ధుడు అతి స్వల్పకాలంలో దూరదేశాలు తిరిగానని చెప్పినప్పుడు, అది ఎలా సాధ్యమని ప్రవరుడు అడుగుతాడు. సిద్ధుడు పాదలేపాన్ని ఇస్తాడు. దానితో ప్రవరుడు హిమాలయం చేరుతాడు. మంచునీటికి ఆ లేపం కరిగిపోయి తిరిగి రాలేకపోతాడు. వరూధినీ సమాగమానికి, తద్వారా మనుసంభవానికి దారితీసే కథకు ఈ వైఫల్యమే మూలం.

ఇక్కడ మూడు విషయాలు గమనించదగినవి. మొదటిది, గమనశక్తి వ్యక్తి నుండి విడిపోయి ఒక పదార్థంలో చేరింది. అందువల్ల ఒకరి నుండి మరొకరికి చేతులు మారగలిగింది. రెండవది, ఆ పదార్థం భౌతిక కారణంతోనే నశించింది. శాపం లేదు, పాపం లేదు. లేపం నీటికి కరుగుతుంది, అంతే. మూడవది, వెళ్లడం కంటె తిరిగిరావడం కష్టమన్న గ్రహింపు కథకు కేంద్రమైంది.

1901లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ ప్రకటించిన చంద్రయాత్రా నవలలో గురుత్వాకర్షణను అడ్డగించే 'కేవొరైట్' అనే పదార్థం ఉన్నది. కల్పితమైన ఒక్క పదార్థాన్ని అంగీకరిస్తే మిగిలినదంతా తర్కబద్ధంగా నడవడం వెల్స్ పద్ధతి. పెద్దన కథాసంవిధానం దీనికి చాలా దగ్గరగా ఉన్నది. ఇది పెద్దనను విజ్ఞాన కల్పన రచయితగా నిలబెట్టడానికి చాలదు. ప్రవరుడు చివరకు అగ్నిదేవుని అనుగ్రహంతో ఇల్లు చేరుతాడు. సాధనం విఫలమైన చోట వరం వచ్చి ఆదుకుంటుంది. పైగా పాదలేపం మోసుకుపోయినది హిమాలయానికే గాని ఆకాశానికి కాదు. అయినా సాధనం, దాని పరిమితి, ఆ పరిమితి నుండి కథ పుట్టడం అనే క్రమం తెలుగు కావ్యంలో ఉన్నదన్న సంగతిని సాహిత్యచరిత్ర విస్మరించలేదు.

పెద్దన తరువాతి తరానికి చెందిన పింగళి సూరన కళాపూర్ణోదయంలో రంభానలకూబరులు విమానంలో పోతుంటే కలభాషిణి నేలమీద నుండి వారిని గమిస్తుంది. అక్కడ విమానం కథాసంధానానికి ఉపకరించింది గాని అది ఎలా ఎగురుతున్నదన్న ప్రశ్న కథకు అవసరం కాలేదు.

4. గణితంలో ఉన్న చంద్రుడు, కథలో ఉన్న చంద్రుడు:

తెలుగునేలలో చంద్రుని దూరం గురించి తెలియక ఇటువంటి కథలు రాలేదనుకోవడం పొరపాటు. పంచాంగకర్తలకు ఆధారగ్రంథాల్లో ఒకటైన సూర్యసిద్ధాంతం భూవ్యాసాన్ని 1,600 యోజనాలుగా, చంద్రకక్ష్య చుట్టుకొలతను 3,24,000 యోజనాలుగా చెబుతుంది. ఈ లెక్కన చంద్రకక్ష్యా వ్యాసార్ధం భూవ్యాసార్ధానికి సుమారు 64 రెట్లు అవుతుంది. ఆధునిక గణనలో ఈ నిష్పత్తి సగటున 60కి స్వల్పంగా ఎక్కువ. యోజనం ఎంత అన్న వివాదం ఈ నిష్పత్తిని తాకదు. అంటే చంద్రుడు ఎంత దూరంలో ఉన్నాడో ఇంచుమించు సరిగా తెలిసిన సంప్రదాయం ఈ నేలపై శతాబ్దాలుగా పనిచేసింది. గ్రహణగణితం దాని మీదనే ఆధారపడి నడిచింది.

అదే కాలంలో పురాణశ్రవణం మరొక విశ్వాన్ని వినిపించింది. భాగవతం పంచమస్కంధం ప్రకారం చంద్రుడు సూర్యునికి పైన లక్ష యోజనాల ఎత్తున ఉంటాడు. తెలుగు భాగవతంలో ఈ స్కంధాన్ని గంగన ఆంధ్రీకరించాడు. చంద్రుడు సూర్యునికి పైన ఉంటే సూర్యగ్రహణాన్ని సిద్ధాంతరీతిలో వివరించడం కుదరదు. గ్రహణకాలాన్ని సిద్ధాంతం ప్రకారం గణించిన పండితుడే రాహుకేతువుల కథను పురాణం ప్రకారం చెప్పేవాడు. ఒకే పండితుని వద్ద రెండు చంద్రులు ఉన్నారు: గణితంలో గోళం, కథలో లోకం. రెండింటికీ వేర్వేరు సందర్భాలు, వేర్వేరు ప్రయోజనాలు ఉండడం వల్ల వాటి మధ్య ఘర్షణ సృజనాత్మక రూపం దాల్చలేదు. దూరం తెలిసినవాడు కథ చెప్పలేదు. కథ చెప్పినవాడికి దూరంతో పని లేకపోయింది.

నన్నయకు ఇంచుమించు సమకాలికుడైన ధారానగర ప్రభువు భోజుని సమరాంగణసూత్రధారంలో పాదరసంతో నడిచే కొయ్యపక్షి ప్రస్తావన ఉన్నది. యంత్రనిర్మాణ వివరాలను తెలియక కాదు, గోప్యత కోసమే చెప్పలేదని ఆ గ్రంథమే అంటుంది. దాచిన విద్యను పరీక్షించడం, సరిదిద్దడం, పెంపొందించడం సాధ్యం కాదు. కథకు దూరం అక్కరలేకపోవడం, గణితానికి కథ అక్కరలేకపోవడం, యంత్రానికి వెల్లడి అక్కరలేకపోవడం - ఈ మూడింటి వల్ల మూడు సంపదలూ విడివిడిగా మిగిలాయి.

5. ఐరోపాలో కలయిక:

ఐరోపాలోనూ ఆరంభం అద్భుతకథతోనే జరిగింది. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన లూషియన్ రచనలో సుడిగాలి ఓడను పైకెత్తి ఏడు రోజుల తరువాత చంద్రునిపై దించుతుంది. అది అబద్ధాల యాత్రాకథలపై వ్యంగ్యం. మార్పు యోహానెస్ కెప్లర్‌తో వచ్చింది. గ్రహగతి సూత్రాలను కనుగొన్న కెప్లర్ స్వయంగా 'సోమ్నియం' అనే కథ రాశాడు. అది ఆయన మరణానంతరం 1634లో అచ్చయింది. ప్రయాణికులను తీసుకుపోయేవి అందులో కూడా భూతాలే. కానీ ఆ భూతాలు భూమి నీడలోనే ప్రయాణించగలవు. బయలుదేరేటప్పుడు కలిగే తాకిడిని, పైన గాలి పలుచబడడాన్ని, చలిని ప్రయాణికుడు తట్టుకోవాలి. చంద్రునిపై నిలబడితే ఆకాశం ఎలా కనిపిస్తుందో ఖగోళగణితం ప్రకారం వర్ణన సాగుతుంది. ప్రవరుని లేపం లాగానే వాహనం అద్భుతమే. మార్గం మాత్రం గణితబద్ధం. దూరాన్ని లెక్కించినవాడే కథకుడు కావడం ఇక్కడి విశేషం.

1657లో అచ్చయిన సిరానో ద బెర్జెరాక్ రచనలో బాణసంచా కట్టిన యంత్రం కథానాయకుని పైకి తీసుకుపోతుంది. 1865లో జూల్ వెర్న్ ఫిరంగిని ఎంచుకున్నాడు. 900 అడుగుల ఫిరంగిలో గుండుకు సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగం రావాలంటే లోపలి మనుషులపై గురుత్వాకర్షణకు 20 వేల రెట్లకు పైబడిన ఒత్తిడి పడుతుంది, ఎవరూ బ్రతకరు. వెర్న్ పొరపడినా ఆ పొరపాటును లెక్కవేసి నిరూపించవచ్చు. రష్యాలో ఉపాధ్యాయుడైన కొన్‌స్టంటిన్ సియల్‌కోవ్‌స్కీ వెర్న్ నవలల ప్రేరణతోనే ఈ సమస్యను తలకెత్తుకొని, 1903లో ప్రకటించిన వ్యాసంలో రాకెట్టుతోనే అది సాధ్యమని నిరూపించాడు. పరీక్షకు నిలబడే తప్పు చేయగలగడం విజ్ఞాన కల్పన లక్షణాల్లో ముఖ్యమైనది. గరుడగమనంలో తప్పు పట్టడానికి వీలులేదు. కాబట్టి దాని నుండి ఒక లెక్క కూడా పుట్టదు.

సాధనం కళ్లెదుట ఉండి కూడా ఊహకు అందకపోవడం తెలుగువారికే పరిమితం కాదు. పండుగలలో, ఉత్సవాలలో తెలుగువారు కాల్చే తారాజువ్వ రాకెట్టు సూత్రం మీదనే ఎగురుతుంది. హైదరాలీ, టిప్పుసుల్తానుల సైన్యాలు ఇనుపగొట్టాల రాకెట్లను ప్రయోగించాయి. అయినా వెర్న్ సైతం ప్రయాణానికి ఫిరంగినే నమ్మి, రాకెట్లను దారిలో గతి మార్చే ఉపకరణాలుగా మాత్రమే వాడుకున్నాడు.

6. 19వ శతాబ్ది: ఆకాశం పదార్థంగా మారడం:

తెలుగునేలలో ఆకాశాన్ని దూరదర్శినితో చూడడం ఈ శతాబ్దిలో మొదలైంది. 1840ల ఆరంభంలో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణంలో సొంత వేధశాలను నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించి 1874 డిసెంబరు 9 నాటి శుక్రసంక్రమణాన్ని పరిశీలించాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు ప్రాంతాల మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినితో సూర్యుని పరిశీలించారు. సూర్యుని అంచున కనిపించే జ్వాలలు వాయుమయమని తేలింది. హీలియం ఆవిష్కారానికి దారితీసిన పరిశీలనల్లో ఇది ఒకటి. వెర్న్ చంద్రయాత్రా నవల వెలువడిన మూడేళ్లకే, గుంటూరు నేలమీద, సూర్యమండలం ఏ పదార్థంతో ఏర్పడిందన్న ప్రశ్నకు సమాధానం వెదికారు. అయితే ఆ సంఘటన నుండి ఆనాడు తెలుగు కథ ఏదీ ప్రసిద్ధికి రాలేదు.

7. వీరేశలింగం - ఒకే కలం, రెండు దారులు:

ఖగోళాన్ని, కల్పితయాత్రను ఒకే రచయిత చేపట్టిన సందర్భం కందుకూరి వీరేశలింగంతో వచ్చింది. ఆయన 'జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము' రాశాడు. జొనాథన్ స్విఫ్ట్ 'గలివర్ యాత్రలు' ఆదర్శంగా 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' కూడా రాశాడు. 19వ శతాబ్ది చివరి దశాబ్దంలో వెలువడిన ఈ రచనలో 'ఆడుమళయాళము', 'లంకాద్వీపము' అనే రెండు భాగాలున్నాయి. మొదటిదానిలో స్త్రీపురుషుల స్థానాలు తారుమారవుతాయి. పురుషునికి విధించిన ఆంక్షలను చూసి నవ్విన పాఠకుడు తన ఇంటిలోని స్త్రీల స్థితిని గుర్తించక తప్పదు. రెండవ భాగం మహాకాయుల దేశం మీదుగా మూఢవిశ్వాసాలపై వ్యంగ్యాన్ని సంధిస్తుంది.

1726లో వెలువడిన స్విఫ్ట్ గ్రంథంలో లపూటా అనే ఎగిరే ద్వీపం ఉన్నది. అయస్కాంతశిల బలంతో అది తిరుగుతుంది. రాజ్యపు ఎల్లలు దాటి పోలేదు, నాలుగు మైళ్లకు మించి లేవలేదు. ఆ ద్వీపవాసులైన ఖగోళజ్ఞులు కుజునికి రెండు ఉపగ్రహాలున్నట్లు కనుగొన్నారని స్విఫ్ట్ రాశాడు. నిజంగానే రెండు ఉపగ్రహాలున్నట్లు 1877లో ఆసఫ్ హాల్ కనుగొన్నాడు. స్విఫ్ట్‌ను ఆదర్శంగా గ్రహించిన వీరేశలింగం ఈ ఎగిరే ద్వీపాన్ని తన కథాభూమిగా చేసుకోలేదు. సత్యరాజు సమాజాన్ని చూడడానికి బయలుదేరాడు. ఆకాశాన్ని చూడడానికి కాదు.

దీనిని లోపంగా కాక ప్రాధాన్యాల ఎంపికగా గ్రహించాలి. వితంతు వివాహం, స్త్రీవిద్య, మూఢాచార నిర్మూలన వంటి ఉద్యమాలకు కాలాన్ని అంకితం చేసిన రచయితకు యాత్రాకల్పన ఒక అద్దం. ఆ అద్దాన్ని ఆయన దేశం వైపు తిప్పాడు. ఇదే కాలానికి పొరుగుభాషల్లో ఆకాశం వైపు కొన్ని చూపులు సాగాయి. బెంగాలీలో జగదానంద రాయ్ 'శుక్ర భ్రమణ్', 1900లో హిందీ 'సరస్వతి' పత్రికలో కేశవప్రసాద్ సింహ్ 'చంద్రలోక్ కీ యాత్రా' వెలువడ్డాయి. హిందీ కథ శీర్షికలో కూడా చంద్రుడు ఇంకా 'లోకం'గానే నిలిచి ఉండడం గమనార్హం.

8. తిరుగుప్రయాణం, వెనుకచూపు:

20వ శతాబ్దిలో విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ' ఈ చరిత్రకు ఒక ప్రత్యేకమైన మలుపు. రెక్కలు గల, గుర్రపు ముఖం గల గంధర్వుడు లండన్ నగరంలో పడతాడు. అతడు మాట్లాడేది సంస్కృతం. అక్కడి శాస్త్రజ్ఞులు అతనిని పరీక్షించదగిన వింతప్రాణిగా చూస్తారు. లోకానికి చెందినవాడు గోళం మీద పడ్డాడని ఈ కథాసంవిధానాన్ని వర్ణించవచ్చు. కెప్లర్ కథలో మనిషి చంద్రుని చూడబోతే, ఇక్కడ పైలోకవాసే మనిషి శాస్త్రపు హద్దులను చూస్తాడు. గణితానికి, పురాణానికి మధ్య శతాబ్దాలుగా దాగిన ఘర్షణ తెలుగులో కథారూపం పొందిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

ఇదే శతాబ్దిలో మరొక ధోరణి కూడా పెరిగింది: ప్రాచీనులకు విమానాలు, గ్రహాంతరయానం వాస్తవంగానే తెలుసునన్న వాదం. దానికి ఆధారంగా చూపే 'వైమానిక శాస్త్రం' అనే గ్రంథాన్ని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1974లో పరిశీలించారు. అది 1904కు పూర్వం నాటిది కాజాలదని, అందులో వర్ణించిన యంత్రాలు ఎగరలేవని తేల్చారు. ఇటువంటి వాదాల వల్ల కావ్యానికే ఎక్కువ నష్టం. పాదలేపాన్ని పోగొట్టుకున్న యంత్రరహస్యంగా చదివితే, సాధనం విఫలం కావడం నుండి కథను నిర్మించిన పెద్దన ప్రతిభ కనుమరుగవుతుంది. సూర్యసిద్ధాంతాన్ని దివ్యజ్ఞానంగా మాత్రమే కీర్తిస్తే, 64 అనే సంఖ్యను 60తో పోల్చి చూసే అవకాశం పోతుంది.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. గరుడోపాఖ్యానం దూరప్రయాణపు సమస్యలను, మనుచరిత్ర సాధనపు పరిమితిని కథలోకి తెచ్చాయి. సిద్ధాంత జ్యోతిషం చంద్రదూరాన్ని ఇంచుమించు సరిగా చెప్పింది. ఈ మూడూ ఒకే నేలపై ఉన్నా, ఒకే పండితవర్గం వాటిని చదివినా, కథ గణితాన్ని అడగలేదు. వీరేశలింగం కలంలో సైతం జ్యోతిశ్శాస్త్రం, కల్పితయాత్ర వేర్వేరు పుస్తకాలుగా మిగిలాయి. కనుక తెలుగులో అంతరిక్షయాన కల్పన ఆలస్యంగా రావడానికి కారణం ఊహాలేమి కాదు, జ్ఞానలేమి కూడా కాదు. ఆ రెండింటికీ మధ్య దారి లేకపోవడం.

ఈ నిర్ణయానికి బోధనారంగంలో ఒక ప్రయోజనం ఉన్నది. తెలుగు శాఖలో మనుచరిత్రను, సంస్కృత శాఖలో సిద్ధాంతగ్రంథాలను, భౌతికశాస్త్ర శాఖలో రాకెట్టు గతిని విడివిడిగా చెప్పడం పాత విభజనకే కొనసాగింపు. ప్రవరుని పాదలేపాన్ని, సూర్యసిద్ధాంతపు కక్ష్యా గణితాన్ని, వెర్న్ ఫిరంగిలోని పొరపాటును ఒకే తరగతిలో పక్కపక్కన ఉంచితే, లోకం ఎప్పుడు ఎలా గోళమైందో విద్యార్థి స్వయంగా గుర్తించగలడు.

వెర్న్ తన ఫిరంగిని భూమధ్యరేఖకు 28 డిగ్రీల లోపు అక్షాంశంలో ఉండాలన్న లెక్కతో ఫ్లోరిడాలో నిలబెట్టాడు. దాదాపు ఒక శతాబ్ది తరువాత అపోలో నౌకలు ఆ రాష్ట్రం నుండే బయలుదేరాయి. తెలుగునేలకు తూర్పు అంచున ఉన్న శ్రీహరికోటను కూడా సముద్రతీరం, భూమధ్యరేఖా సామీప్యం ప్రయోగకేంద్రానికి అనుకూలమైన చోటుగా నిలిపాయి. 2008 అక్టోబరు 22న, 2023 జూలై 14న అక్కడి నుండి చంద్రుని వైపు నౌకలు సాగాయి. వైనతేయ ఒడ్డున గరుడుడు ఇంకా లోకాలకు వాహకుడే; శ్రీహరికోట నుండి బయలుదేరినది గోళానికి చేరింది. ఈ రెంటినీ ఒకటిగా కలిపివేయకుండా, ఒకదానికోసం మరొకదానిని తోసివేయకుండా చదవడమే తెలుగు విజ్ఞాన కల్పన చరిత్రకారుని ముందున్న పని.